పిల్లలు పుడితే తగ్గుతుందని దయచేసి రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆడవాళ్ల పేజీలో నెలసరి నొప్పికి చిట్కాలు వేశారు. శొంఠి కషాయం, వాము నీళ్లు, వేడినీళ్ల బ్యాగు, మోకాళ్లు మడిచి పడుకోవడం. అన్నీ మంచివే, నేను చేసినవే, ఇప్పటికీ చేస్తున్నవే, వాటితో నాకు పేచీ లేదు. చివర్లో ఒక్క వాక్యం రాశారు చూడండి, పెళ్లయి పిల్లలు పుడితే ఈ నొప్పి దానంతటదే తగ్గిపోతుంది, కంగారు పడొద్దు అని, ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. ఎందుకంటే ఆ మాట నమ్మే మా ఇంట్లో నాకు పెళ్లి తొందరపెట్టారు, అదే మాట నమ్మి పిల్లల్ని కనడానికి తొందరపెట్టారు, అప్పటికీ తగ్గకపోయేసరికి ఇక గర్భసంచి తీయించుకోమన్నారు. మా వైపు ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి ఈ రెండే వైద్యాలు. మామూలేలే అని ఊరుకోవడం, లేదంటే సంచి తీసేయడం. ఈ రెంటికీ మధ్యలో చేయగలిగింది బోలెడు ఉందని నాకు తెలిసేసరికి పదహారేళ్లు గడిచిపోయాయి.

మామూలు నెలసరి నొప్పి కొందరికి కాన్పు తర్వాత తగ్గే మాట నిజమే, నేనూ కాదనను. నేను చెప్పేది ఎండోమెట్రియోసిస్ గురించి, గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరిగే జబ్బు. నోరు తిరగని పేరు, నాకే వారం పట్టింది, మా అత్తమ్మయితే ఇప్పటికీ "ఎండల మెట్ల జబ్బు" అంటుంది.

నేను చండూరు దగ్గర ఒక పల్లెలో పుట్టాను, మిర్యాలగూడలో మెట్టాను. రైస్ మిల్లులో కాంటా దగ్గర తూకం చీటీలు రాసే పని. 2005లో, పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. మొదటి ఏడాది పెద్దగా గుర్తులేదు గానీ తర్వాతి ఏడు నుంచి ప్రతి నెలా ఒక గండమే. రెండు రోజుల ముందే నడుము నుంచి తొడల దాకా గుంజడం మొదలయ్యేది, మొదటి రోజు వాంతులు, చెమటలు, కళ్లు తిరగడం, రెండో రోజు లేచి నిలబడితే చాలనిపించేది. అప్పట్లో మా ఇంట్లో ఆ మూడు రోజులు బయటుండాలి. అరుగు మీద చాప, వేరే కంచం, వేరే గ్లాసు. గట్టిగా మూలిగితే దారిన పోయేవాళ్లకు వినబడుతుందని చున్నీ నోట్లో కుక్కుకుని ముడుచుకు పడుకునేదాన్ని. మా అమ్మ పాపం ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి ఇచ్చేది. ఇచ్చి, "ఆడపుట్టుక పుట్టినంక తప్పదు బిడ్డా, నాకూ గిట్లనే అయ్యేది, మీ అమ్మమ్మకూ గిట్లనే" అనేది. ధైర్యం చెప్తున్నాననుకుంది అమ్మ. ఇప్పుడు ఆలోచిస్తే జబ్బు ఆనవాలు ఆ మాటలోనే ఉంది. తల్లికో, తోడబుట్టినవాళ్లకో ఈ జబ్బు ఉంటే మనకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువట. మూడు తరాలుగా వస్తున్న జబ్బును మేం ఆడపుట్టుక అనుకున్నాం.

ఇంకో సంగతి, మాది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వంగిన కాళ్లు, పట్టేసిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం, కాబట్టి నడుము నొప్పి అనగానే పెద్దవాళ్లూ డాక్టర్లూ కూడా నీళ్ల మీదికే తోసేవారు. వాళ్లను తప్పు పట్టలేను, మా నాన్న మెడ ఇప్పటికీ పూర్తిగా తిరగదు. కానీ ఒక్కరైనా ఒక ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది, ఎప్పుడెప్పుడు నొస్తుంది అని. నీళ్ల వల్ల వచ్చే నొప్పికి తారీఖులుండవు. నాది క్యాలెండర్ చూసుకుని వచ్చేది.

ఇంటర్ నల్లగొండలో హాస్టల్లో ఉండి చదివాను. సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ రోజు ల్యాబ్‌లో స్టూల్ మీద నుంచి పడిపోయాను. తర్వాత అందరూ అన్నం సరిగ్గా తినదు, రక్తం తక్కువ అన్నారు. ఐరన్ మాత్రలు మింగాను. డిగ్రీ అంతా మా ఊరి ఆర్‌ఎంపీ సారు గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చేవాడు, ఆ రోజుల్లో దొడ్డికి వెళ్తే లోపల కత్తితో కోసినట్టుండేది కాబట్టి అది మొలలేమో అని నేనే అనుకున్నా. ఆ సంగతి ఎవరికి చెప్తాం? నెలసరి గురించి మాట్లాడటమే తలొంచుకుని మాట్లాడతాం, ఇక దొడ్డికి వెళ్తే నొప్పి అని ఒక మగ ఆర్‌ఎంపీకి పద్దెనిమిదేళ్ల పిల్ల ఏ నోటితో చెప్తుంది.

2014లో పెళ్లయింది. పేపర్లో రాయరాదు అనుకునే ముక్క ఒకటి రాస్తున్నా, మీరు తీసేసినా సరే. మా ఆయనతో కలిసినప్పుడల్లా లోపల లోతుగా నొప్పి, మర్నాడు దాకా సలుపు. కొత్తలో అందరికీ అంతేనేమో అనుకున్నా. ఏడాదయినా అంతే. ఆయన నాకు తనంటే ఇష్టం లేదనుకున్నాడు, నేను నాలోనే ఏదో లోపం అనుకున్నా, ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేదు, మా మధ్య మాటలు తగ్గిపోయాయి. నొప్పి ఇంట్లో ఇంకెన్నింటిని పాడుచేస్తుందో చిట్కాల పేజీలో రాయరు.

2016లో పాప పుట్టింది, ఆపరేషన్ కాన్పు. మీ వాక్యంలో సగం నిజం ఇక్కడ ఉంది. కడుపుతో ఉన్నప్పుడు, తర్వాత పాలిచ్చినన్నాళ్లు నాకు నొప్పి లేదు. నిజంగానే తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం, నేను యాదగిరిగుట్టకు పోయి మొక్కు కూడా తీర్చుకున్నా. తగ్గింది జబ్బు కాదు, ఆ రెండేళ్లు నెలసరి రాలేదు అంతే. మళ్లీ మొదలైన మూడో నెలకే ముందటి కంటే రెట్టింపు వచ్చింది. ఆ తర్వాత రెండో కాన్పు కోసం చూశాం, రాలేదు. స్కానింగ్‌లు తీయిస్తే రెండుసార్లు అంతా నార్మల్ అన్నారు, ఒకసారి నీటి బుడగలు అన్నారు. నార్మల్ అని కాగితం చేతికొచ్చిన రోజు ఎంత ఏడ్చానో. జబ్బు లేదంటే సంతోషపడాలి కదా, మరి ఈ నొప్పి ఎక్కడిది, నేనే నాటకమాడుతున్నానా?

ఆ దశలో మా పట్నంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పేరెందుకులెండి, ఒక పిల్ల ఉందిగా, ఇంక సంచి ఎందుకు, తీసేస్తే పీడ పోతుందన్నారు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. మా అత్తమ్మ కూడా "తీయించుకో బిడ్డా, నాకూ తీసిండ్రు, ఏమైంది, బతికి లేనా" అంది. 2020 మార్చి చివరి వారంలో తారీఖు పెట్టారు, డబ్బులు కట్టడానికి మా ఆయన చీటీ కూడా ఎత్తాడు. ఆ వారమే లాక్‌డౌన్ వచ్చింది. లోకమంతా కరోనాను తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే దానికి రుణపడ్డా.

వాయిదా పడ్డ ఆపరేషన్ ఏడాది దాకా అలాగే నానింది. ఈలోగా మా మిల్లులో అకౌంట్స్ చూసే ఆయన కూతురు, మెడిసిన్ చదువుతున్న పిల్ల, సెలవులకు వచ్చినప్పుడు మాటల్లో నా కథ విని, అక్కా ఒక్కసారి హైదరాబాద్‌లో ఫలానా రకం డాక్టరుకు చూపించి అప్పుడు తీయించుకో అంది. 2021 ఫిబ్రవరిలో వెళ్లాం. ఆ డాక్టరమ్మ స్కానింగ్ కంటే ముందు నన్ను ప్రశ్నలడిగింది. నొప్పికి నెలలో ఎన్ని రోజులు పని మానేస్తావు? ఆ రోజుల్లో దొడ్డికి, మూత్రానికి వెళ్తే నొప్పి ఉంటుందా? భర్తతో కలిసినప్పుడు లోపల నొస్తుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? పదహారేళ్లలో ఈ నాలుగు ముక్కలు నన్ను ఎవరూ ఒకేచోట అడగలేదు. సమాధానం చెప్తూ చెప్తూ ఏడుపు ఆగలేదు, మా ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు, మూడో ప్రశ్నకు జవాబు ఆయన కూడా మొదటిసారి అప్పుడే విన్నాడు. తర్వాత కింది నుంచి లోపలికి పెట్టి చేసే స్కానింగ్, ఎమ్మారై. ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్, అండాశయం గర్భసంచి వెనక అతుక్కుపోయి ఉంది.

చాక్లెట్ అంటే నవ్వొచ్చింది అప్పుడు. లోపల పాత రక్తం నిలిచి గోధుమ రంగుకు తిరిగి కరిగిన చాక్లెట్‌లా ఉంటుందని ఆ పేరట.

నాకు అర్థమైనంతలో జబ్బు ఇది. గర్భసంచి లోపల నెల నెలా పెరిగి రాలిపోయే పొర ఒకటి ఉంటుంది. దాదాపు అలాంటి పొరే సంచి బయట, అండాశయాల మీద, ట్యూబుల మీద, పేగు మీద, మూత్రాశయం మీద, సంచి వెనక పెరుగుతుంది. మడిలో మొలవాల్సిన నారు గట్టు మీదా కాలువలోనూ మొలిచినట్టు. దానికీ హార్మోన్ల నీళ్లే పారుతాయి కాబట్టి అదీ నెల నెలా ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది. సంచి లోపలిది బయటికి పోతుంది, దీనికి పోయే దారి లేదు. అక్కడే వాపు, అక్కడే పుండు, పుండు మానిన చోట మచ్చ, మచ్చ మచ్చ కలిసి అవయవాలను జిగురు పెట్టినట్టు అతికించేస్తుంది. క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు, శుచి శుభ్రతకు సంబంధం లేదు, ఎవరి శాపమూ కాదు.

ఎందుకొస్తుందో మాత్రం ఇంకా తేలలేదట. 1920ల్లో అమెరికాలో సాంప్సన్ అనే డాక్టరు, ఈ జబ్బుకు ఇప్పటి పేరు పెట్టింది ఆయనే, నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి పొట్టలోకి పోయి అక్కడ అంటుకుంటుందని 1927లో రాశాడు. కానీ అలా వెనక్కి పోవడం దాదాపు అందరు ఆడవాళ్లలోనూ జరిగేదే. జబ్బు మాత్రం పది మందిలో ఒకరికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం, అంటే 19 కోట్ల మంది. రోగనిరోధక శక్తి, వంశం, ఇంకా ఏవేవో కలిసి ఉంటాయంటున్నారు. పది మందిలో ఒకరంటే మా మిల్లు దగ్గర బస్సు దిగే ఆడకూలీల్లోనే ముగ్గురు నలుగురు ఉండాలి. ఎవరూ ఈ పేరు వినలేదు, అడిగి చూశాను.

నొప్పికీ జబ్బు ఎంత పెరిగిందనేదానికీ లెక్క కుదరదు. నాలుగు దశలని చెప్తారు, మొదటి దశలో ఉన్నామె నేల మీద పడి దొర్లొచ్చు, నాలుగో దశలో ఉన్నామెకు నొప్పే తెలియక పిల్లలు కాలేదని వెళ్తే బయటపడొచ్చు. అందుకే మామూలు స్కానింగ్‌లో ఏం కనబడలేదు కాబట్టి ఏం లేదు అనడం తప్పు. పొరల మీద పల్చగా ఉండే మచ్చలు స్కానింగ్‌లో కనబడకపోవచ్చు. ఒకప్పుడు పొట్టకు రంధ్రం చేసి కెమెరాతో చూస్తే గానీ జబ్బుందని తేల్చేవారు కాదు, 2022లో యూరప్ డాక్టర్ల సంఘం తన మార్గదర్శకాల్లో అందరికీ అంత దూరం పోనక్కర్లేదు, లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టొచ్చని చెప్పింది. ఇది మాలాంటి పల్లెటూరి వాళ్లకు ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలడిగితే వైద్యం మొదలైపోతుంది.

ఇప్పుడు సంచి గురించి. సంచి తీసేస్తే ఈ జబ్బు పోతుందనే గ్యారంటీ లేదు, ఎందుకంటే జబ్బు ఉన్నది సంచి బయట. నా సంచి తీసేసినా అండాశయం వెనక అతుక్కున్నది అక్కడే ఉండేది, నొప్పీ ఉండేది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ముట్లుడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. నేనిదంతా ఇంట్లో చెప్తుంటే మా అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి అన్నం తిన్నాక, "నాకు ముప్పై రెండేళ్లకే తీసిండ్రు, తెల్లబట్ట అయితుందని పోతే క్యాన్సర్ అయితదని భయపెట్టిండ్రు, రెండూ తీసిండ్రో ఒక్కటే తీసిండ్రో నాకు తెల్వదు, అప్పటి సంది మోకాళ్లు" అంది. ఇరవై ఏళ్లుగా ఆమె మోకాళ్ల నొప్పికి జండూబామ్ రాస్తున్నాం. కాగితాలు లేవు, ఏం తీశారో ఇప్పుడు స్కానింగ్ చేయిస్తే గానీ తెలియదు. నన్ను తీయించుకోమన్నది కూడా మనిషి చెడ్డదై కాదు, తనకు జరిగింది సరైనదేనని నమ్మకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

ఇదేదో మా ఇంటి సంగతే అయితే మీకు రాసేదాన్ని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, మన తెలంగాణలో 8 శాతం పైన, ఆంధ్రాలో కూడా అంతే. రెండు తెలుగు రాష్ట్రాలే దేశంలో ముందు. బతుకమ్మ ఆడే చోట చుట్టూ చూడండి, నలభై దాటినవాళ్లలో ఎంతమందికి తీసేశారో వేళ్ల మీద లెక్క తేలదు. అనవసరంగా తీయకుండా రాష్ట్రాలు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ కేసు బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఆసుపత్రుల గురించి వేసింది గానీ లెక్కలు చూస్తే మన గురించి వేయాల్సింది.

అన్ని ఆపరేషన్లూ మోసమని నేననను. సంచి గోడలోనే ఈ పొర పెరిగే అడినోమయోసిస్ అనే జబ్బు ఒకటుంది, ఎండోమెట్రియోసిస్‌కు చెల్లెలు లాంటిది, అందులోనూ, ఆగని రక్తస్రావంలోనూ తీసేయడమే మేలైన సందర్భాలుంటాయి, అన్నీ తెలుసుకుని తీయించుకుని హాయిగా ఉన్నవాళ్లు నాకు తెలుసు. తెలుసుకుని తీయించుకోవడం వేరు, భయపెడితే తీయించుకోవడం వేరు.

నాకేం చేశారంటే, 2021లో చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో సిస్ట్ తీసి అతుకులు విడదీశారు. ముందే చెప్పారు, మళ్లీ రాదని రాసివ్వలేం, చాలామందికి కొన్నేళ్లకు తిరిగొస్తుంది, మాటిమాటికీ కోస్తే అండాలు తగ్గిపోతాయి, అందుకని తర్వాత మందులతో అణచిపెట్టాలి అని. నాకిచ్చింది డైనోజెస్ట్ అనే హార్మోన్ మందు, రోజుకు 2 మిల్లీగ్రాముల మాత్ర. కొందరికి గర్భనిరోధక మాత్రలు, కొందరికి సంచిలో హార్మోన్ లూప్ పెడతారు. ఈ మాత్ర మొదలుపెట్టిన మొదటి నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం, తలనొప్పి, ఊరికే ఏడుపు, ఆపేద్దామనుకున్నా. తర్వాత సర్దుకుంది, నెలసరి ఆగింది. ఆగేసరికి ఇంట్లో కొత్త టెన్షన్, చెడు రక్తం లోపలే ఉండిపోతుంది కదా అని. లోపల ఏమీ పేరుకోదు, ఈ మాత్ర పొరనే పెరగనివ్వదు, పెరగనిది ఎలా రాలుతుంది అని డాక్టరమ్మ చెప్పిన ముక్క మా అమ్మకు ఫోన్లో పదిసార్లు చెప్పాను. పదకొండోసారి, "ఏమో బిడ్డా, నీ ఇష్టం" అంది.

జబ్బు పోయిందని చెప్పను. అణిగి ఉంది. ఇప్పటికీ నెలలో కొన్ని రోజులు ఉదయం ఉన్న పొట్ట సాయంత్రానికి ఉబ్బి ఐదో నెలలా ఉంటుంది, చీర కుచ్చిళ్లు వదులు చేసుకుంటా. అలసట గురించి ఎవరూ రాయరు, అది నొప్పి కంటే మొండిది. వరికోతలప్పుడు మిల్లు బయట లారీలు బారులు తీరి, రాత్రి పదింటి దాకా కాంటా ఆగదు, ఆ సీజన్లో ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గడప మీదే కూర్చుండిపోయిన రోజులున్నాయి. నాకు పనికొచ్చినవి చెప్తాను, అందరికీ పనిచేస్తాయని కాదు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథుల పక్కనే ఎర్ర పెన్నుతో నొప్పికి మార్కులు వేసుకుంటా, పదికి ఎంత, ఎక్కడ, దొడ్డికెళ్తే వచ్చిందా అని. ఆరు నెలల క్యాలెండర్ తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెడితే మనం ఏడ్చి చెప్పక్కర్లేదు. నొప్పి మాత్ర నొప్పి ముదిరాక వేసుకుంటే అంతగా పనిచేయదు, మొదలవుతుందనగానే తిని వేసుకోవాలి, అదీ డాక్టరు చెప్పిన లెక్కలోనే. మా వీధిలో మెఫెనామిక్ యాసిడ్ మాత్రలు పిప్పరమెంట్లలా కొంటారు. ఆ మందుతో కొందరికి జ్వరం, ఒంటి మీద దద్దుర్లతో తీవ్రమైన అలర్జీ రావచ్చని మందుల దుష్ప్రభావాలను గమనించే కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది కూడా. ఏళ్ల తరబడి నొప్పికి బిగబట్టి బిగబట్టి కటి కండరాలు బిగుసుకుపోతాయని, వాటిని వదులు చేసే ఫిజియోథెరపీ ఉంటుందని నాకు రెండేళ్ల కింద తెలిసింది. నేర్చుకున్నాక మా ఆయనతో ఆ నొప్పి బాగా తగ్గింది. తిండితో జబ్బు మాయం చేస్తామని యూట్యూబ్‌లో పొడులు అమ్మేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. మలబద్ధకం లేకుండా జొన్నరొట్టె, ఆకుకూర, నీళ్లు, అంతవరకు చాలు.

మా మిల్లు సేటుకు ఒకరోజు చెప్పేశాను, నాకు ఫలానా జబ్బుంది, నెలలో రెండు మూడు రోజులు నిలబడి చేసే పని వద్దు, కూర్చునే పని ఇవ్వండి అని. ఆయన ముఖం ఎర్రగా చేసుకుని కుర్చీ వేయించాడు, వివరం అడగలేదు. అంతే. పదేళ్లు భయపడ్డది ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసమా అనిపించింది.

ఇంకొకటి ఇక్కడే చెప్పాలి. మా వదినకు సిజేరియన్ కుట్టు పక్కన రేగుపండంత గడ్డ ఉండేది, నెలసరికి ఉబ్బి మండేది, తర్వాత తగ్గేది. కుట్టు సరిగ్గా పడలేదని ఊరుకుంది. అదీ ఈ జబ్బేనట, ఆపరేషన్ అప్పుడు ఆ పొర కాస్త కోత దగ్గర చిక్కుకుని పెరుగుతుంది. అరుదే గానీ, పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో ప్రతి పది కాన్పుల్లో ఆరు సిజేరియన్లే, కాబట్టి కుట్టు దగ్గర తారీఖు ప్రకారం నొచ్చే గడ్డ ఉన్నవాళ్లు చూపించుకోవాలి.

ఇక మీతో, సర్కారుతో నాకున్న పని. ఆరోగ్య మహిళ అని 2023 మార్చి 8న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారం మంగళవారం ఆడవాళ్ల క్లినిక్‌లు మొదలుపెట్టారు, మంచి పని. అక్కడ బీపీ, షుగర్ అడిగినట్టే నన్ను ఆ డాక్టరమ్మ అడిగిన నాలుగు ప్రశ్నలు అడిగించండి. కాగితం ఖర్చు తప్ప ఇంకేం లేదు. ఆశా కార్యకర్తలు గడప గడపకూ వస్తారు, వాళ్లకు ఈ జబ్బు పేరు నేర్పండి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నింట్లో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. నెలకు ఒక రోజు ఈ నొప్పి కోసమే ఓపీ పెడితే దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట నుంచి ఆడపిల్లలు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. హైస్కూల్ టీచరమ్మలకు ఒక మాట, ప్రతి నెలా అవే రోజుల్లో బడి మానే పిల్ల మీ హాజరుపట్టీలోనే కనబడుతుంది.

మీరు చేయాల్సింది చిన్నదే. ఆ చిట్కాల కింద, నొప్పికి నెల నెలా బడీ పనీ మానేయాల్సి వస్తే, మాత్రలకు లొంగకపోతే, దొడ్డికి పోతే నొస్తే డాక్టరుకు చూపించండి అని రెండు లైన్లు వేయండి. పిల్లలు పుడితే తగ్గుతుందన్నది తీసేయండి. పెళ్లి కాని పిల్లకు నొప్పి ఉందంటే సంబంధం చూడటం మొదలుపెట్టే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఇళ్లలో మీ పేపరే చదువుతారు.

ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి, మా పాప చదివే బడిలో అందరూ మీ పేపర్ చదివేవాళ్లే. మా ఆయన చదివి పెళ్లి గురించి రాసిన పేరా దగ్గర కాసేపు ఆగి, ఉండనీ అన్నాడు. అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె తన పేరు వేసుకోవచ్చంది, ఊరి పేరుతో సహా. నేనే వద్దన్నాను. ఆమె స్కానింగ్‌కు వచ్చే మంగళవారం పోతున్నాం.

ఒక పాఠకురాలు,
మిర్యాలగూడ